గోలు వెనక మా నాన్న ఫోటో

నేను బి.ఏ. పాసయిపోయేను. ఈ ముక్క ముందు చెప్పకపోతే మిగతాది రాయలేను, అందుకని చెప్పీసేను. మా ఇంట్లో అటు అమ్మ వైపు గాని ఇటు నాన్న వైపు గాని డిగ్రీ దాకా ఎల్లినోళ్ళు లేరు. మా తాత శ్రీకాకుళం వైపు నించి రైలెక్కి జంషెడ్‌పూర్‌లో దిగినప్పుడు ఆయనకి వచ్చిన చదువు వేలిముద్ర. మా నాన్న ఎనిమిదో క్లాసు, అది హిందీలో. మా అమ్మ ఊళ్ళో అయిదో క్లాసు, అది తెలుగులో. వాళ్ళ తరవాత నేను, నా బి.ఏ.

రిజల్టు వచ్చిన పొద్దున్న సిద్ధగోరాలో మా సందు చివర కుళాయి దగ్గర ఉన్నాను. మా సందులో నెట్టు సరిగ్గా దొరికేది అక్కడే. ఫోన్‌లో "పాస్" అన్న మాట చూసేను, ఇంకోసారి నంబరు కొట్టి మళ్ళీ చూసేను. బిందెలు పెట్టుకుని నిలబడ్డ వాళ్ళందరికీ చెప్పీసేను. మనోళ్ళకి తెలుగులో, మిగతావాళ్ళకి హిందీలో. ఒకావిడ తన వంతు వచ్చినా నీళ్ళు పట్టకుండా నా బుగ్గలు పట్టుకుంది. వెనకావిడ బిందె ముందుకి తోసింది. అక్కడా చిన్న గొడవ అయింది. నేను మాత్రం గాల్లో తేలుకుంటా ఇంటికొచ్చేను.

వచ్చేసరికి గుమ్మం దగ్గర మావ సైకిలు ఉంది.

మావ అంటే సొంత మావ కాదు. నాన్నతోపాటు పనిచేసే ఆయన, బరంపురం వైపు మనిషి, మాటకి మాట మధ్య ఒడియాలో అవునవునన్నట్టు హఉ హఉ అంటాడు. ఆ టైములో ఆయన డ్యూటీ దిగి పడుకోవాలి. అలాంటిది మా ఇంట్లో నేల మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో టీ గ్లాసు చల్లారిపోయి ఉంది. అమ్మ పొయ్యి దగ్గర వీపు తిప్పుకుని ఉంది. నాన్న మంచం అంచున కూర్చుని కాలి వేళ్ళు చూసుకుంటన్నాడు. నేను పాసయ్యేనని చెప్పేను. ముగ్గురూ నా వైపు చూసేరు. నాన్న మొహం ఒక్క క్షణం వెలిగింది, మళ్ళీ ఆరిపోయింది.

మావ మెల్లిగా అన్నాడు. "మంచిదమ్మా. శానా మంచిది. ముందు ఆ పోటో తీసీ."

ఏ ఫోటో అని అడగక్కర్లేకపోయింది. ఆ వారంలో నేను పెట్టింది ఒకటే.

నాకో బ్లాగు ఉంది. కాలేజీలో చేరిన కొత్తలో మొదలుపెట్టేను. ఇప్పుడు బ్లాగులెవరు చదువుతారు, రీల్సు చెయ్యవే అని నా స్నేహితులు అంటారు. నాకేమో మాట్లాడ్డం కంటే రాయడం బాగుంటుంది. అమ్మ నాకు నేల మీద సుద్దముక్కతో తెలుగు అక్షరాలు నేర్పింది. మా వయసు వాళ్ళకి ఇక్కడ తెలుగు మాట వచ్చు గాని అక్షరం రాదు. అమ్మానాన్నలు తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే బాపతు, నాతో కలిపి. అందుకని ఏది రాసినా దాన్ని గొంతుతో చదివి, రికార్డు చేసి, మా ఫుట్‌బాల్ క్లబ్బు గ్రూపులో కూడా పడేత్తాను. చదివినోళ్ళ కంటే విన్నోళ్ళు ఎక్కువ. కొంతమంది ఆడోళ్ళు కూర తరుక్కుంటా వింటారంట. అదీ నా పాఠకలోకం.

ఏం రాత్తాను అంటే, నాకు ఏది అనిపిత్తే అది. టీవీలో వార్తల గురించి రాసేను. నలుగురు మనుషుల్ని నాలుగు గళ్ళలో కూర్చోబెట్టి అరిపిత్తారు, గంటయ్యేసరికి ఎవరికీ ఏటీ తెలీదు. మా కుళాయి దగ్గరా అరుచుకుంటారు గాని చివరికి బిందెలైనా నిండుతాయి అని రాసేను. అది అందరికీ నచ్చింది. ఆటల గురించి ఎక్కువ రాత్తాను. మా వైపు అడివి పల్లెల ఆడపిల్లలు చెప్పుల్లేకుండా హాకీ నేర్చుకుని దేశం తరపున ఆడతారు. గెలిత్తే పేపర్లో వేలెడంత వేత్తారు, ఓడిపోతే అంతకూడా వెయ్యరు. క్రికెట్టులో ఒకడు క్యాచ్ వదిలేత్తే మాత్రం వాడి ఇల్లు, వాకిలి, పెళ్ళాం అన్నీ తిడతారు. గెలుపు పదకొండు మందిదీను, ఓటమి ఒక్కడిదీనా అన్నది నా గొడవ. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

ఆ గొడవతోనే ఈ పోస్టూ రాసేను.

ఆదివారం మా క్లబ్బుకీ పక్క పేట బారిడీహ్ వాళ్ళకీ సెమీఫైనల్. మా గోల్‌కీపరు టాటానగర్ రైల్వే క్వార్టర్ల అబ్బాయి. ఆట అంతా గోడలాగ నిలబడ్డాడు. చివర్లో ఒక్క బంతి చేతి కింద నించి జారిపోయింది, ఓడిపోయేం. సాయంత్రానికి గ్రూపులో వాడిని పీక్కుతినీసేరు. అమ్ముడుపోయేడని ఒకడు, చేతులు కాదు చేటలని ఒకడు. వాడు గ్రూపు వదిలి ఎల్లిపోయేడు. నాకు ఒళ్ళు మండింది. కూర్చుని రాసేను. వాడు ఆపిన బంతులెవరూ లెక్కపెట్టలేదు, ముందు నలుగురు నిద్రపోతే వెనక ఒక్కడేం చేత్తాడు అని.

రాసి, కింద ఫోటో పెట్టేను. నా ఫోన్‌తో నేను తీసిన ఫోటోల్లో అంత మంచిది ఇంకోటి లేదు. బంతి గీత దాటుతున్న క్షణం. కీపరు నేల మీద చాపలాగ పరుచుకుని ఉన్నాడు. వాడి వెనక, వల అవతల, మా నాన్న. రెండు చేతులూ పైకెత్తి, నోరు తెరుచుకుని, ప్రాణం పోతున్నట్టు. మా నాన్న వయసులో ఉన్నప్పుడు ఇదే క్లబ్బుకి కీపరు. ఇప్పుడు మేచి ఉంటే గోలు వెనక నిలబడి కుర్రాళ్ళకి కుడి ఎడం చెప్తుంటాడు. ఆ బంతికి కీపరు కంటే మా నాన్నే ఎక్కువ పడిపోయేడు. అది ఫోటోలో కనిపిత్తది.

ఇంకా ఏటేటి కనిపిత్తదో నేను చూసుకోలేదు.

మా నాన్న ఠేకా పనివాడు, అంటే కాంట్రాక్టు కూలీ. ఊరవతల ఓ కార్ఖానాలో సరుకు మోసే బెల్టు కింద పడ్డ ముడిసరుకు ఎత్తే పని. ఆ రోజు ఆయనకి బి షిఫ్ట్, మధ్యాన్నం నించి రాత్రి దాకా. మేచి సాయంత్రం. ఇలాంటప్పుడు వాళ్ళు అదలా-బదలీ చేసుకుంటారు. నీ డ్యూటీ నేను చేత్తాను, నా డ్యూటీ నువ్వు చెయ్యి అని. పైకి చెప్పరు. హాజరీలో నాన్న పేరే పడుతుంది, బెల్టు కింద మావ ఉంటాడు. పిల్లలకి జొరమొచ్చినా, ఊరి నించి చుట్టాలొచ్చినా, ఛట్ పూజకైనా, మేచికైనా ఇదే పద్ధతి. దొంగతనం అని ఎవరూ అనుకోరు, పని పనే కదా, ఎవడు ఎత్తినా ముడిసరుకు ఎత్తబడుతుంది.

కాని ఈ నెలలో ఠేకా చేతులు మారుతోంది. పాత ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, పోయి కొత్తవాడు వత్తన్నాడు. ఉన్నవాళ్ళలో కొందరినే ఉంచుకుంటారంట, వాళ్ళకే కొత్త గేట్ పాసులంట. ఎవరిని ఉంచాలో సూపర్‌వైజరు చెప్తాడు. డ్యూటీలో పేరుండి మనిషి లేనోడు దొరికితే పాసు అక్కడికక్కడే రద్దు అని కొత్తవాళ్ళు గోడ మీద కాగితం అంటించేరు. యాభై దాటిన మనిషికి ఒక గేటు మూసుకుంటే ఇంకో గేటు తెరుచుకోదు. మా ఇంట్లో ఈ మాట ఎవరూ అనలేదు. అందరికీ తెలుసు.

అలాంటప్పుడు మా నాన్న మేచికి ఏం తొడుక్కుని ఎల్లేడు? డ్యూటీ చొక్కా. నారింజ రంగుది, చేతుల మీద వెండి పట్టీలు, జేబు మీద ఠేకేదారు కంపెనీ పేరు. మా బస్తీలో మగాళ్ళు పెళ్ళిళ్ళకి కూడా అదే తొడుక్కుంటారు, ఎందుకంటే ఉన్నవాటిలో చిరగనిది అదే. డ్యూటీ ఎగ్గొట్టినోడు డ్యూటీ చొక్కా తొడుక్కుని మైదానం మధ్యలో నిలబడకూడదని మా నాన్నకి తట్టలేదు. తీత్తున్న నాకూ తట్టలేదు. ఎండకి ఆ పట్టీలు ట్యూబులైట్లలాగ వెలుగుతున్నాయి. ఆయన పక్కనే క్లబ్బువాళ్ళ నల్లబోర్డు, దాని మీద సుద్దతో తేదీ, టైము, ఎవరెన్ని గోల్సు. కోర్టులో కూడా అంత సాక్ష్యం ఉండదు.

మావ చెప్పింది ఇదీ. సూపర్‌వైజరు ఆ ఫోటో చూసేడు. ఎవరో పంపేరు. చూసి మావకి ఫోన్ చేసేడు. నీ దోస్తుని సాయంత్రం బారిడీహ్ మలుపు దగ్గర టీ కొట్టుకి రమ్మను, కార్ఖానాకి రావద్దని చెప్పు, ఫోన్‌లో ఏటీ మాట్లాడను అన్నాడు.

"కార్ఖానాకి రావద్దనడం ఏటి?" అని అమ్మ అడిగింది.

అమ్మే జవాబు చెప్పుకుంది. "లోనికి రానీరన్నమాట."

గబగబా ఫోను తీసి బ్లాగులో ఫోటో తీసేసేను, గ్రూపులో తీసేసేను. అప్పుడు చూత్తే ఏటుంది, అది ఎక్కడెక్కడికి ఎల్లిపోయిందో. ఒకడు తన స్టేటస్‌లో పెట్టుకున్నాడు. ఇంకొకడు మా నాన్న మొహం కోసి, కింద హిందీలో "జీతం పడని రోజు" అని రాసి వదిలేడు, దానికి బోలెడు నవ్వులు. మామూలు రోజైతే నేనూ నవ్వుదును. ఒక్కొక్కడికీ ఫోన్ చేసి బతిమాలేను. ఎందుకు దీదీ, అంకుల్ సూపర్ ఉన్నారు కదా అంటారు. కారణం చెప్పలేను, చెప్తే అదీ పాకిపోతుంది. నా రాత నాది అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. బయటికి వదిలిన దాన్ని వెనక్కి పిలిత్తే అది కుక్కపిల్లలాగ రాదు.

ఇంకో భయం మావ ఎల్లిపోయేక తట్టింది. నాన్న దొరికితే మావ కూడా దొరికినట్టే. మావకి ఇద్దరు చిన్నపిల్లలు. ఆయన ఒక్క మాట అనలేదు నన్ను. ఒకటి అనుంటే బాగుండును.

నాన్నా ఏటీ అనలేదు. స్నానం చేసేడు, గెడ్డం గీసుకున్నాడు. డ్యూటీ చొక్కా చేతిలోకి తీసుకుని, మళ్ళీ వదిలీసి, పాత గళ్ళ చొక్కా తొడుక్కున్నాడు. అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగీసుకున్నాడు. నేనూ వత్తానన్నాను. వద్దన్నాడు. నా వల్ల వచ్చింది, నేనే మాట్లాడతాను అన్నాను.

"నువ్వేటి మాట్లాడతావు?"

"తప్పు నాది అని చెప్తాను."

"తప్పు పోటోదా, పోటోలో ఉన్నోడిదా?" అన్నాడు. తరవాత స్కూటీ స్టార్టు చేసి, సరే ఎక్కు అన్నాడు.

బారిడీహ్ దారిలో మిఠాయి కొట్టు ముందు స్కూటీ ఆపేడు. లోపలికెల్లి లడ్డూ డబ్బా పట్టుకొచ్చి నా ఒళ్ళో పెట్టేడు. ఇది నా పాసుకా, ఆయన పాసుకా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను. ఆయనకీ తెలీదేమో.

నేను సూపర్‌వైజరుని ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో ఆయన గురించి వినీ వినీ పెద్ద మీసాలు, పెద్ద పొట్ట ఊహించుకున్నాను. టీ కొట్టు వెనక బల్ల మీద సన్నగా, పొట్టిగా, టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు కూర్చుని గోళ్ళు కొరుక్కుంటన్నాడు. నాన్న నమస్కారం పెట్టేడు. ఆయన కూర్చోమనలేదు. నన్ను చూసి మొహం ఇంకా ముడుచుకున్నాడు. మాటలన్నీ హిందీలోనే, నేను తెలుగులో చెప్తన్నాను.

నాన్న ఏదో చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపేడు. ఫోను తీసి ఫోటో చూపించేడు. "ఇది ఎవరు తీసేరు?"

దారి పొడుగునా నాన్నకి చెప్తనే వచ్చేను, మా అమ్మాయి అనొద్దు, ముందు నన్ను మాట్లాడనీ అని. ఆయన సరే సరే అన్నాడు. ఇప్పుడు నా వైపు ఒకసారి చూసేడు, గొంతు సవరించుకున్నాడు.

"మా అమ్మాయే సార్. ఇదిగో, ఈవిడే. ఇవాళే బి.ఏ. పాసయింది." అని ఆగక, "బ్లాగు రాత్తది. వార్తలు, ఆటలు, అన్నిటి మీదా రాత్తది. శానామంది చదువుతారు" అని కూడా అనీసేడు. భయంతో వణుకుతున్న మనిషి గొంతులోకి ఆ గర్వం ఎక్కడినించి వచ్చిందో నాకిప్పటికీ తెలీదు. లడ్డూ డబ్బా మూత తీసి ముందుకి చాపేడు.

సూపర్‌వైజరు లడ్డూ ముట్టుకోలేదు. రంగు మారిపోయేడు. "పేపర్లో కూడా రాత్తావా?" అని నన్నడిగేడు. లేదన్నాను. "ఈ ఫోటో ఇంకా ఎవరికి పంపేవు?" క్లబ్బు గ్రూపుకే అన్నాను. "అసలుది నీ దగ్గరుందా?" ఉందన్నాను. తెరిచి చూపించమన్నాడు. తెరిచేను. ఫోను నా చేతిలోంచి తనే తీసుకున్నాడు. రెండు వేళ్ళతో ఫోటో పెద్దది చేసేడు. మా నాన్న మొహం దాటి, ఎత్తిన చెయ్యి దాటి, వెనక శనగల బండి దగ్గరికి తీసుకెల్లేడు.

బండి పక్కన టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు. చేతిలో శనగల పొట్లం. బంతి గోల్లో పడ్డందుకు నోరంతా నవ్వు. బారిడీహ్ వాళ్ళ మనిషన్నమాట.

నాన్న వంగి చూసేడు. నాన్నకి నేను ఆ ఫోటో చూపించనే లేదు, చూపించే లోపే తీసేసేను. చూసి, మెల్లిగా తలెత్తి ఆయన వైపు చూసేడు. "సార్, మీరు కూడా?"

ఆయన అటూ ఇటూ చూసేడు. ఆ రోజు బి షిఫ్ట్ హాజరీలో సూపర్‌వైజరు సంతకం ఆయనదేనంట. సంతకం పెట్టీసి వచ్చేసేడు. ఆయన తమ్ముడు బారిడీహ్ తరపున ఆడుతున్నాడు. కొత్తవాళ్ళు సూపర్‌వైజర్లలో కూడా సగం మందినే ఉంచుతారంట, పైన ఇంకో సాహెబ్ చూత్తాడంట. ఈ ఫోటో ఆ సాహెబ్ కంట పడితే మొదటి పేరు నాది, రెండోది నీది అన్నాడు నాన్నతో. ఈ మాట అన్నప్పుడు ఆయన సూపర్‌వైజరులాగ లేడు. మా గోల్‌కీపరు బంతి జారిపోయేక ఎలగ చూసేడో అలగ చూసేడు.

"హటా దో, బేటీ," అన్నాడు. తీసెయ్యమ్మా అని.

నేను ఫోను తీసుకున్నాను. అప్పుడు నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. తెలుగులో, సూపర్‌వైజరుకి అర్థం కాకుండా, పెదాలు కదపకుండా అన్నాడు. "తియ్యకు. తీసినట్టు సెయ్యి. దాసి ఉంచు."

నేను నాన్న మొహం చూసేను. నాకు తెలిసిన నాన్న ఎవరి బండి మీదా శనగ గింజ కూడా అడక్కుండా తీసుకోడు. పొద్దున్నించీ ఆయన కళ్ళల్లో ఉన్న భయం పోయింది, దాని చోట ఇంకేదో వచ్చింది. అప్పటిదాకా గేట్ పాసు పోతాదని భయపడ్డాను. ఇప్పుడు వేరే భయం వేసింది. ఈ ఫోటో ఫోన్‌లో ఉంటే నాన్న పాసు గట్టి. సూపర్‌వైజరు నోరు మెదపడు. పాసు మార్చినప్పుడల్లా నాన్న టీ కొట్టుకి రమ్మంటాడు, నా ఫోన్ తీసి చూపిత్తాడు. ఎదటివాడు గోళ్ళు కొరుక్కుంటాడు. నేను తీసిన బొమ్మ, నేను రాసిన బ్లాగు దానికి పనికొత్తాయి.

తీసెయ్యకపోతే నాన్నకి మంచిది. అది నాకు బాగా తెలుసు. తెలిసే తీసేసేను. చెత్తబుట్టలోకి ఎల్లినదాన్ని అక్కడినించి కూడా తీసేసి, ఫోను సూపర్‌వైజరు చేతికిచ్చి వెతుక్కోమన్నాను. గ్రూపులోనూ తీసేసేను, కాని పంపుకున్న వాళ్ళ దగ్గరున్నవి నా చేతిలో లేవు సార్, అవి నేను ఆపలేను అని కూడా చెప్పేను. అబద్ధం చెప్పి పంపడం ఇష్టం లేకపోయింది. ఆయన మొహం మళ్ళీ పాలిపోయింది. ఎవరు ఎవర్ని చూసి భయపడాలో ముగ్గురికీ తెలీలేదు.

చివరికి ఆయన ఒక లడ్డూ తీసుకున్నాడు. సగం తిని, మిగతా సగం జేబురుమాల్లో చుట్టుకున్నాడు. బి.ఏ. తరవాత ఏం చేత్తావు అని అడిగేడు. బి.ఎడ్. అనుకుంటన్నాను అన్నాను. మంచిది, టీచరువైతే ఇలాంటివి రాయక్కర్లేదు అన్నాడు. టోపీ సర్దుకుని ఎల్లిపోయేడు. నాన్న పాసు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మేమూ అడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు నాన్న స్కూటీ మెల్లిగా నడిపేడు. సిద్ధగోరా దగ్గర పడ్డాక అన్నాడు. "మనలాంటోళ్ళ సేతికి ఎప్పుడో గాని ఏదీ దొరకదమ్మా. దొరికింది. పారీసేవు."

"అది పట్టుకుని ఏం చేద్దువు నాన్నా?"

"ఏటీ సెయ్యను. ఉందన్న దైర్యంతో పడుకుందును."

గోల్‌కీపరు గురించి అంత రాసేను, ఒక్కడి మీద పడొద్దని. ఇదీ అలాంటిదే అని చెబుదామనుకున్నాను. యాభై దాటిన మనిషికి, పాసు చేతిలో లేని మనిషికి, అది చెప్పడానికి నోరు రాలేదు. ఇంటికొచ్చేక అమ్మ ఏమైందని అడిగితే, నీ కూతురు బి.ఏ. పాసయింది కదా, పెద్ద మనసు చేసింది అన్నాడు. అది మెచ్చుకోలు కాదు.

తరవాత రోజులు ఎలగ గడిచేయో చెప్పలేను. అందరూ పాసయినందుకు ఇంటికొచ్చి లడ్డూ తిని ఎల్తన్నారు. నేను నవ్వుతున్నాను. లోపల మాత్రం ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నాను. ఆ ఫోటో ఎవరైనా పెట్టేరేమో అని స్టేటస్‌లన్నీ వెతికేదాన్ని. మామూలుగా నేను పొద్దున్నే వార్తలు చదువుతాను, కొత్త చట్టాలొచ్చేయి, ఠేకా పనివాళ్ళకి ఇది మారుతుంది అది మారుతుంది అని రాత్తారు. అంతకుముందు వాటి మీద గట్టిగా అభిప్రాయాలు రాసేదాన్ని. ఆ రోజుల్లో ఒక్కో వార్తా చదివి, ఇందులో మా నాన్న ఎక్కడున్నాడు, ఉంచే వాళ్ళలోనా తీసే వాళ్ళలోనా అని వెతుక్కున్నాను. రాయడానికి ఒక్క వాక్యం కూడా రాలేదు. భయపడినోడికి అభిప్రాయం ఉండదు, చెవులే ఉంటాయి. నాన్న డ్యూటీ నించి వచ్చేటప్పుడు సందు మొదట్లో స్కూటీ చప్పుడు వింటే, అది మెల్లిగా వత్తందా, గట్టిగా వత్తందా అని నేనూ అమ్మా చెవులు పెట్టి వినేవాళ్ళం.

పాసులు వచ్చేయి. నాన్నకీ వచ్చింది, మావకీ వచ్చింది. సూపర్‌వైజరు కూడా ఉన్నాడంట. ఫోటో తీసేసినందుకా, ఇంకా ఎక్కడో ఉందన్న భయానికా, లడ్డూకా, లేకపోతే పనివాళ్ళు చాలక అందరికీ ఇచ్చేరా, మాకు తెలీదు. మావ వచ్చి హఉ హఉ అనుకుంటా మా ఇంట్లో కడుపునిండా తిని ఎల్లేడు. నాన్న కొత్త పాసు మెళ్ళో వేసుకునే అన్నం తిన్నాడు. అమ్మ తీసి పక్కన పెట్టు, పులుసు పడతాదంటే తియ్యలేదు.

ఇదంతా రాసి నాన్నకి చదివి వినిపించేను. ఇప్పుడు నేను ఏది రాసినా ముందు ఆయన వినాలి, మా ఇంట్లో అది కొత్త చట్టం. బల్ల మీద కూర్చుని కళ్ళు మూసుకుని విన్నాడు. టీ కొట్టు దగ్గర తను నా చెవిలో అన్న మాట వచ్చినప్పుడు కళ్ళు తెరిచేడు. అది తీసెయ్యమంటాడనుకున్నాను. అనలేదు. అయిపోయేక, కార్ఖానా పేరు తీసీ అన్నాడు. తీసేను. ఠేకేదారు పేరు, సూపర్‌వైజరు పేరు, మావ పేరు. అన్నీ తీసేను. క్లబ్బు పేరు కూడా. అమ్మ పేరూ తియ్యమన్నాడు, నా పేరెందుకు తియ్యడం అని అమ్మ అడిగింది. నీ పేరుంటే నా పేరున్నట్టే గదా అన్నాడు.

"మరి నా పేరు నాన్నా? పాసయింది నేను కదా."

బస్తీలో ప్రతి గుమ్మానికీ ఎల్లి మా అమ్మాయి పాసయిందని నా పేరు పెట్టి చెప్పొచ్చిన మనిషి. మెళ్ళో పాసు తిప్పి చూసుకున్నాడు, వెనకవైపు గడువు తేదీ అచ్చేసి ఉంటుంది.

"తీసీ తల్లీ," అన్నాడు. "మూడు నెలల్లో మళ్ళీ మార్సుకోవాల."